"అంటుకుంటుంది, పక్కన కూర్చోను" అంటోంది

ప్రశ్న: మా పాపకు 7 ఏళ్లు. క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయికి ముఖం మీద, చేతుల మీద బొల్లి మచ్చలున్నాయట. "నాకూ అంటుకుంటుందమ్మా, పక్కన కూర్చోను" అంటే గట్టిగా తిట్టాను. అప్పట్నుంచి ఆ మాటే ఎత్తడం లేదు. ఏం చేయాలండీ?

జవాబు: తిట్టేసరికి నోరు మూసుకుంది కానీ భయం లోపల అలాగే ఉందమ్మా, ముందు అది తీర్చండి. బొల్లి అంటువ్యాధి కాదు. ముట్టుకున్నా, పక్కన కూర్చున్నా, ఒకే పెన్సిల్ వాడుకున్నా రాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే కణాలు కొన్నిచోట్ల నశించిపోతే అక్కడ తెల్లబడుతుంది, అంతే. మీ చేతి మీద పుట్టుమచ్చ చూపించి, "ఇక్కడ నాకు రంగు ఎక్కువైంది, ఆ పాపకి అక్కడ తగ్గింది" అని చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.

"పాపం" అనే మాట మాత్రం వద్దు. ఆ అమ్మాయికి కావలసింది జాలి కాదు, ఆటలో చోటు. పిల్లలు చాలాసార్లు ఏం మాట్లాడాలో తెలియకే దూరం జరుగుతారు, అందుకని ఇంట్లో మీరే ఆ అమ్మాయిలా నటించి, "నాతో ఆడతావా?" అని మీ పాప చేత రెండుమూడు సార్లు అడిగించండి. ఎవరైనా వెక్కిరిస్తే టీచరుకు చెప్పడం చాడీ కాదని కూడా చెప్పండి.

ఇంకోటి, ఎవరి రంగు గురించో, లావు గురించో మనం ఇంట్లో మాటవరసకి అనేస్తుంటాం, పిల్లలు అన్నీ వింటారు. స్కూలు గేటు దగ్గర ఆ అమ్మాయి వాళ్లమ్మ కనిపిస్తే, మీ పాప చూస్తుండగా మీరే ముందు వెళ్లి పలకరించండి.