పులాంగ్ అంటే ఎటు?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ అనువాద కథ అందింది. ఇంగ్లీషు మీదుగా కాకుండా ఇండోనేషియా భాష నేర్చుకుని మరీ తెచ్చావు, ముచ్చటేసింది. కానీ పేజీకి రెండుసార్లు ‘తిరిగి వెళ్ళాడు’ తగిలేసరికి అనుమానమొచ్చి మూలం చూశాను. అనుకున్నట్టే అక్కడ ‘పులాంగ్’ ఉంది.

నిఘంటువు అర్థం తప్పని కాదు, చాలదు. ఉత్తినే వెనక్కి రావడానికి వాళ్ళకి ‘కెంబాలి’ ఉంది. పులాంగ్ అంటే తనదైన చోటికి చేరడం. అది ఇల్లు కావచ్చు, సొంతూరు కావచ్చు. ‘దియా సుదా పులాంగ్’ అని ఆఫీసులో అంటే ఇంటికి వెళ్ళిపోయాడని. అదే మాట వాళ్ళమ్మ వంటింట్లోంచి అంటే, వచ్చేశాడని. వాళ్ళ క్రియ మారదు, మనది మారి తీరాలి. చెప్పే మనిషి ఎక్కడ నిలబడిందో చూసుకోకపోతే ఇంతే. నీ కథలో కొడుకు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే తల్లి ‘తిరిగి వెళ్ళాడు’ అంటోంది!

‘దియా’ అనే వాళ్ళ సర్వనామం ఆడో మగో చెప్పదు. మూలంలో మొదటి పేజీ అంతా ఆ సంగతి దాచారు, నువ్వేమో మొదటి వాక్యంలోనే బయటపెట్టేశావు. ‘దియా బెలుమ్ పులాంగ్’ అన్నచోట ‘ఇంకా ఇంటికి రాలేదు’ అంటే సరిపోయేది. ‘రాలేదు’కి ఆడా మగా తేడా లేదు కదా. (నాకిది తట్టడానికి ఏళ్ళు పట్టింది, నీకు ఊరికే ఇచ్చేస్తున్నా.) పని అయిపోయిందని చెప్పే ‘సుదా’ ఉన్నచోట ‘వచ్చేశారు’ అని గౌరవం వెనక దాక్కోవచ్చు.

మలేషియా కథల జోలికి వెళ్తే మాత్రం జాగ్రత్త. అక్కడ మామూలు మాటల్లో ఇంటికెళ్ళడానికి ‘బాలిక్’ ఎక్కువ. పులాంగ్ వేరే పనుల్లో పడింది: ‘తెర్‌పులాంగ్ కెపాదా అందా’ అంటే ‘ఇక మీ ఇష్టం’.

తాతగారి విషయంలో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘బెర్‌పులాంగ్’ని ‘ఇంటికి చేరారు’ అన్నావు. ఆయన పోయారమ్మా. ముస్లిం కుటుంబాల మరణవార్తల్లో ‘బెర్‌పులాంగ్ కె రహ్మతుల్లా’ అంటారు, దేవుడి కరుణలోకి చేరారని. ‘కాలం చేశారు’ అని రాయి, ఆ మర్యాద నిలుస్తుంది.

ఇక చివరి వాక్యం, ‘సయా పులాంగ్ దులు’. ‘నేను ముందు ఇంటికి వెళ్తాను’ అన్నావు. మనవాళ్ళు గడప దాటుతూ ‘వెళ్తాను’ అనరు కదా, ‘వెళ్ళొస్తాను’ అని దిద్దబోయాను. కానీ అందులో మళ్ళీ ఇక్కడికే వస్తానన్న మాట ఉంది. ఆ మాట అంటున్న పిల్ల ఇల్లు అటువైపు ఉంది. రెండు రోజులైంది, ఎటూ తేలలేదు. నీకేమనిపిస్తుందో రాయి.

మీ మాస్టారు