కీబోర్డు ఫర్మ్‌వేర్ మార్చబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ ఎంఎన్‌టీ రిఫార్మ్ ల్యాప్‌టాప్ కీబోర్డుకి కొత్త ఫర్మ్‌వేర్, అంటే దాని చిప్‌లో ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్, ఎక్కిస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, అంత భయమూ వేసింది. ఆ మెషీన్‌లో కీబోర్డున్నది టైపు చేయడానికొక్కదానికే కాదు. సున్నా గుర్తున్న సర్కిల్ కీ నొక్కి, కీబోర్డు మీదున్న చిన్న ఓలెడ్ తెర మెనూలో పవర్ ఆన్ ఇస్తేనే ల్యాప్‌టాప్ లేస్తుంది.

ముందు కీబోర్డు బోర్డు మీదున్న ప్రధాన చిప్ పేరు చదువు. ఏటీమెగా32యూ4 అయితేనే ఈ ఉత్తరం నీకు. ఆర్‌పీ2040 అనే వేరే చిప్ ఉంటే దారి వేరు, ఇందులో ఏదీ చేయకు.

బోర్డు మీద ఎస్‌డబ్ల్యూ84 స్విచ్ ఆన్ చేసి, ఎస్‌డబ్ల్యూ83 బటన్ నొక్కు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే 03ఈబి:2ఎఫ్ఎఫ్4 కనబడాలి, చిప్ కొత్త ఫర్మ్‌వేర్ కోసం సిద్ధంగా ఉందని చెప్పే గుర్తు అది. కనబడలేదా, మన విశాఖ ఉప్పుగాలిని అనుమానించు. స్విచ్‌ని నాలుగైదుసార్లు అటూ ఇటూ కదుపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేసి ఆరనిచ్చి మళ్లీ చూడు. అక్కడ కనబడుతున్నా డీఎఫ్‌యూ-ప్రోగ్రామర్ (ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్) డివైస్ లేదంటే అది పర్మిషన్ గొడవ, కమాండ్ ముందు సుడో పెట్టి అడ్మిన్ హక్కుతో నడుపు.

ఆ సుడో దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. బటన్ నొక్కిన క్షణం నుంచీ ల్యాప్‌టాప్ కీబోర్డు పలకదు. అప్పుడు పాస్‌వర్డ్ అడిగితే దేంతో కొడతావు? విడిగా ఒక యూఎస్‌బీ కీబోర్డు ముందే గుచ్చి ఉంచు. డాబాగార్డెన్స్‌లో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. మొహమాటపడకు, డబ్బులు నేనిస్తాను.

తరవాత అదే ప్రోగ్రామ్‌తో ఎరేజ్ (పాతది తుడవడం), ఫ్లాష్ (కొత్తది ఎక్కించడం), స్టార్ట్, అంతే. ఎరేజ్ కొట్టాక పాత ఫర్మ్‌వేర్ చిప్‌లో ఉండదు, అందుకని దాని హెక్స్ ఫైలు (ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న ఫర్మ్‌వేర్ ఫైలు) ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకో. ఫ్లాష్ మధ్యలో ఆగిపోయినా కంగారుపడకు. ఫర్మ్‌వేర్‌ని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్, బూట్‌లోడర్, చిప్‌లో వేరే చోట ఉంటుంది, మళ్లీ మొదటినుంచి చేయొచ్చు. ఎవరైనా ఐఎస్‌పీ ప్రోగ్రామర్ (చిప్‌లోకి నేరుగా రాసే పరికరం) తగిలించి చిప్ మొత్తం తుడిచెయ్యమంటే మాత్రం వినకు, బూట్‌లోడర్ కూడా పోతుంది.

నా అసలు భయం ఇంకోటి. ఆ ఫర్మ్‌వేర్‌ని రెండు రకాలుగా కట్టొచ్చు: ల్యాప్‌టాప్‌లో ఉండేదానికి ఒకటి, విడి కీబోర్డుకి ఒకటి. పొరపాటున విడిదాన్ని ఎక్కించావనుకో, ఏ ఎర్రరూ రాదు. అక్షరాలన్నీ చక్కగా పడతాయి. అయిపోయిందని సంబరపడి రాత్రి షట్‌డౌన్ చేస్తావు. పొద్దున్న సర్కిల్ నొక్కితే మెనూలో పవర్ ఆన్ ఉండదు. ఇక కీబోర్డు విప్పి, వేరే కంప్యూటర్‌కి తగిలించి, సరైన హెక్స్ ఎక్కించాలి. ఇంట్లో రెండో కంప్యూటర్ లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. టైపు అవుతోంది కదా అని నమ్మడంలోనే ఉంది తప్పంతా. చిన్నప్పుడు రేడియో విప్పి, మోగుతోంది చాల్లెమ్మని రెండు స్క్రూలు బయటే ఉంచేసేదానివి. ఆ తొందర ఇక్కడ పనికిరాదు తల్లీ.

అందుకని ఫ్లాష్ అయ్యాక షట్‌డౌన్ జోలికి పోకు. ఎస్‌డబ్ల్యూ84 ఆఫ్‌లో పెట్టి రీసెట్ చేయి. సర్కిల్ నొక్కి మెనూ పైనుంచి కిందిదాకా చదువు. పవర్ ఆన్ ఉండాలి. బ్యాటరీ స్థితి అడిగితే ఎనిమిది సెల్స్ ఓల్టేజీలూ తెర మీదికి రావాలి. ల్యాప్‌టాప్ పవర్ చూసుకునే సిస్టమ్ కంట్రోలర్‌తో కీబోర్డుకి మాట కలిసిందనడానికి అదే రుజువు. రాకపోతే మెషీన్ ఆన్‌లో ఉండగానే పాత హెక్స్ మళ్లీ ఎక్కించు.

వాయుగుండం ఉన్న రోజున మొదలెట్టకు, ఛార్జింగ్ సగమైనా లేకపోయినా మొదలెట్టకు. హుద్‌హుద్ తుపాను అప్పుడు ఊళ్లో కరెంటు ఎన్నాళ్లు లేదో అమ్మని అడుగు. బ్యాటరీ అయిపోయి ఆగినా షట్‌డౌన్ చేసినట్టే లెక్క.

ఆదివారం పొద్దున్నే, కడుపునిండా టిఫిన్ తిని కూర్చో. మెనూ ఫోటో తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే ఆఫ్ చేయి.

పెద్దమావయ్య