సైకాలజీ అమ్మాయి, నేరస్తుల ఫైళ్లు

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాది, సైకాలజీ. లైంగిక నేరస్తులు మళ్లీ నేరం చేస్తారా అని అంచనా వేసే ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతానంటోంది. అది మేలా, క్లినికల్ సైకాలజీనా? ఆడపిల్లకు ఇలాంటి కేసులెందుకని మా ఆయన గొడవ. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఈ చదువు చదివితే సంబంధాలు వస్తాయా అన్నదే కదా మీ అసలు దిగులు? ఎంబీబీఎస్ అమ్మాయి పోస్ట్‌మార్టం చూస్తే మనకు అభ్యంతరం ఉండదు. మీ అమ్మాయి నేరస్తుల ఫైలు చదివితే వచ్చిందా? ఆ భయం పక్కన పెట్టండి. మర్యాదైన పనే ఇది.

అమ్మాయి ఆశల మీద మాత్రం కాస్త నీళ్లు చల్లాలి. వెబ్ సిరీస్‌లోలా గదిలోకి అడుగుపెట్టి నేరగాణ్ణి చెప్పేయడం కాదిది. శిక్ష పడ్డవాడు బయటికొస్తే ముప్పెంతో లెక్కకట్టడం. స్టాటిక్-99 పద్ధతిలో పది అంశాలు చూస్తారు: విడుదలనాటి వయసు, పాత శిక్షలు, బాధితులు అపరిచితులా వంటివి. మొదటిసారి దొరికినవాడికి పాత రికార్డు ఉండదుగా, అక్కడ నేరం చేసిన తీరు పనికొస్తుంది. ముందే పథకం వేశాడా, బాధితురాలిని వెతుక్కుంటూ వెళ్లాడా, ఎలాంటి మాటలన్నాడు అని పోలీసు ఫైళ్లలోంచి తీసి బెర్లిన్ పరిశోధకులు 2014లో ఒక కొలమానం తయారుచేశారు. అయినా వచ్చేది అలాంటివాళ్ల గుంపుకు వర్తించే అంచనాయే. వీడు మళ్లీ చేస్తాడని ఎవరూ రాసివ్వలేరు.

మన దగ్గర ఇది నిలుస్తుందా అన్నదే నా అనుమానం. మన ఛార్జిషీటు నేరం రుజువు చేయడానికి రాసేది. వాడి ప్రవర్తన వివరంగా దొరకడం కష్టం. బెర్లిన్ లెక్కను తెచ్చి చిత్తూరు కోర్టు కేసుకు అతికించలేం. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ చెబుతోంది, నిజమే. కానీ అది ముఖ్యంగా సాక్ష్యాలు సేకరించే పని. సైకాలజిస్టుకు అక్కడ కుర్చీ ఏది? ఉరిశిక్ష కేసుల్లో నిందితుడి మానసిక పరీక్ష నివేదిక తెప్పించుకోమని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి నివేదిక రాయాలంటే క్లినికల్ శిక్షణ ఉండాలి. ప్రొఫైలర్‌ని, అంటే నేరం తీరు చూసి నేరగాడెలాంటివాడో చెప్పే నిపుణుణ్ణి, చేస్తామనే ఆన్‌లైన్ డిప్లొమాలకు దయచేసి డబ్బు కట్టకండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా: ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న క్లినికల్ కోర్సు. కోర్టు పని దొరక్కపోయినా ఆసుపత్రి ఉంటుంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ (ఎన్‌ఎఫ్‌ఎస్‌యూ) సంగతి తర్వాత. ఎంట్రన్సుల గురించి ఆ పిల్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆమెకు ఇది ఎందుకు నచ్చిందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగారా?