టర్బో ఆర్డర్ పెట్టేముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కి టర్బో పెట్టించాలని, 250 హార్స్‌పవర్ రావాలని రాశావు, దానికి తోడు ఓ పెద్ద టర్బో ఫోటో పెట్టి "15 పీఎస్‌ఐ బూస్ట్ పెడితే వచ్చేస్తుందా మావయ్యా" అని అడిగావు. దీనికి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. టర్బోలో ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీదున్న కంప్రెసర్ చక్రం గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది, అలా పెరిగిన ఒత్తిడే బూస్ట్. బూస్ట్ గేజీ చూపించేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, ఎంత ఒత్తిడి నిలబడిందో, అంతవరకే. ఇంజన్‌లోకి ఎంత బరువు గాలి వెళ్ళిందో దానికి తెలియదు. అదే ఇంజన్‌కి చిన్న టర్బోతో 1 బార్ పెట్టు, పెద్దదానితో 1 బార్ పెట్టు, ముల్లు ఒకే చోట నిలబడుతుంది, పవర్ మాత్రం వేరేగా వస్తుంది. శక్తికి మించి తిరుగుతున్న చిన్న టర్బో గాలిని విపరీతంగా వేడెక్కించి ఇస్తుంది, పైగా ఎగ్జాస్ట్‌ని బయటికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. అందుకని ముందు గాలి బరువు లెక్క వెయ్యి, ఎంత బూస్ట్ కావాలో అందులోంచే తేలుతుంది.

లెక్క కష్టమేం కాదు. టర్బో ఉన్న పెట్రోల్ ఇంజన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి దాదాపు 250 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. నీ 250కి గంటకి 62.5 కేజీలు. ఫుల్ లోడ్‌లో మిక్స్చర్ కాస్త రిచ్‌గానే, అంటే పెట్రోల్ పాలు ఎక్కువగా ఉంచుతారు, ఒక పాలు పెట్రోల్‌కి 12 పాళ్ళ గాలి అనుకో, గంటకి 750 కేజీలు, అంటే నిమిషానికి 12.5 కేజీలు. కంపెనీల చార్టులు చాలావరకు పౌండ్లలో ఉంటాయి, వాటిలో 27.5 దగ్గర చూసుకోవాలి.

ఇప్పుడు నీ ఇంజన్ ఎంత పీలుస్తుందో చూద్దాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి 2 లీటర్లు. 6500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6500 లీటర్లు, సిలిండర్లు 92 శాతమే నిండుతాయనుకుంటే 5980 లీటర్లు, ఇంచుమించు 6 క్యూబిక్ మీటర్లు. ఆ జాగాలో 12.5 కేజీలు పట్టించాలంటే ఒక్కో క్యూబిక్ మీటర్‌కి 2.09 కేజీల గాలి ఉండాలి. మామూలుగా మన చుట్టూ ఉన్న గాలి 1.2 కేజీలకి అటూఇటూ ఉంటుంది. ఇంటర్‌కూలర్ (టర్బో వేడెక్కించిన గాలిని చల్లబరిచేది) దాటిన గాలి 55 డిగ్రీలు ఉందనుకుంటే, మానిఫోల్డ్‌లో 1.97 బార్ అబ్సల్యూట్ ఒత్తిడి కావాలి. బయటి వాతావరణం ఒత్తిడి 1.01 తీసేస్తే గేజీలో 0.96 బార్, నీ పీఎస్‌ఐలో 14 లోపు. నువ్వు చెప్పిన 15కి దగ్గరగానే వచ్చిందని సంబరపడకు, ఆ ఒత్తిడిని ఏ టర్బో ఎంత హాయిగా ఇస్తుందన్నది ఇంకా తేలలేదు.

తర్వాత ప్రెషర్ రేషియో. చాలామంది బూస్ట్‌కి ఒకటి కలిపేసి రెండు అంటారు, అక్కడే తేడా కొడుతుంది. కంప్రెసర్ లోపలికి గాలి ఎంత ఒత్తిడితో వస్తోంది, బయటికి ఎంత ఒత్తిడితో పోతోంది, ఈ రెండింటి నిష్పత్తి కావాలి మనకి. ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో కలిపి 0.12 బార్ పోతుందనుకో, కంప్రెసర్ 2.09 ఇవ్వాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఇంకో 0.06 పోతుంది, లోపలికి వచ్చేది 0.95. భాగిస్తే 2.2. సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తుకి కారు తీసుకెళ్తే బయట ఒత్తిడే 0.85 బార్ దగ్గరికి పడిపోతుంది, అక్కడ కూడా అదే మానిఫోల్డ్ ఒత్తిడి కావాలంటే రేషియో 2.6 దాటిపోతుంది, షాఫ్ట్ ఇంకా వేగంగా తిరగాలి. ఎత్తు ప్రదేశాల్లో ఎక్కువగా తిరిగేవాడివైతే ఆ లెక్క కూడా వేసుకో.

ఈ రెండు అంకెలతో కంప్రెసర్ మ్యాప్, అంటే టర్బో కంపెనీ ఇచ్చే చార్టు చదవొచ్చు. అడ్డంగా గాలి, నిలువుగా ప్రెషర్ రేషియో, మధ్యలో కనిపించే వలయాలు ఎఫిషియెన్సీవి, ఎడమ అంచు సర్జ్ లైన్ (అది దాటితే గాలి వెనక్కి తన్నుకొస్తుంది), కుడివైపు చోక్ (అక్కడ ఇక అంతకంటే గాలి పట్టదు). నీ ఫుల్ పవర్ చుక్క లోపలి వలయాలకి కొంచెం కుడిగా పడితే బావుంటుంది. 75 శాతం దగ్గర పడిందనుకో, 30 డిగ్రీల గాలి కంప్రెసర్‌లోంచి 132 డిగ్రీలతో బయటికొస్తుంది. 60 శాతం వలయంలో పడితే అదే పనికి 158 డిగ్రీలు. ఆ 26 డిగ్రీల బరువంతా ఇంటర్‌కూలర్ మీద పడుతుంది, అది చేతులెత్తేస్తే నాకింగ్ (సిలిండర్‌లో మిక్స్చర్ వేడికి తనంతట తానే పేలడం) మొదలవుతుంది, అప్పుడు ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగాలి, అంటే స్పార్క్ ఆలస్యం చెయ్యాలి, కష్టపడి తెచ్చుకున్న పవర్ అక్కడ పోతుంది.

ఒక్క చుక్క పెట్టి వదిలెయ్యకు, 3000 ఆర్‌పీఎం దగ్గర ఇంకోటి పెట్టు. అదే ఒత్తిడికి అక్కడ ఇంజన్ పీల్చేది నిమిషానికి 5.8 కేజీలు మించదు. నువ్వు ఫోటో పెట్టినలాంటి, నిమిషానికి 27 కేజీలు తోసే టర్బో మ్యాప్ మీద ఈ చుక్క సర్జ్ లైన్‌కి ఎడమ పక్కన పడుతుంది. నిజానికి రోడ్డు మీద అది 3000కి అంత బూస్ట్ ఇవ్వనే ఇవ్వదులే, కాబట్టి సర్జ్ కంటే ముందు నీకు ల్యాగ్ చుక్కలు చూపిస్తుంది. కాలు నొక్కుతావు, ఏమీ ఉండదు, గేర్ మార్చే టైముకి ఒక్కసారిగా తోస్తుంది. రోజూ తిరిగే కారులో 2000 నుంచి 4500 మధ్యే ఎక్కువసేపు గడుస్తుంది. 1970ల చివర్లో సాబ్ వాళ్ళు 99 టర్బో చేసినప్పుడు ఈ సంగతే పట్టుకున్నారు, చిన్న టర్బో పెట్టి, పైన ఎక్కువయ్యే ఎగ్జాస్ట్‌ని వేస్ట్‌గేట్ అనే తలుపులోంచి టర్బైన్‌కి తగలకుండా వదిలేసి, మధ్య ఆర్‌పీఎంలో టార్క్ వచ్చేలా చేశారు. నా ఓటు కూడా దానికే. 250కి సరిగ్గా సరిపోయేది తీసుకో, "రేపు 400 చేద్దాం" అని ఇవాళ పెద్దది కొంటే రేపటిదాకా రోజూ విసుక్కుంటూనే నడపాలి.

ఇప్పుడు వేడి వైపు. టర్బైన్ హౌసింగ్ మీద 0.63, 0.82 అని వేసి ఉంటుంది, అదే ఏ బై ఆర్. హౌసింగ్ లోపలి దారి కోత వైశాల్యాన్ని, షాఫ్ట్ మధ్య నుంచి ఆ కోత మధ్యకి ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది. ఈ సంఖ్య తగ్గితే ఎగ్జాస్ట్ ఇరుకు దారిలోంచి దూసుకొచ్చి చక్రాన్ని కొడుతుంది, నీళ్ళ పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టినట్టు. టర్బో తొందరగా లేస్తుంది. కానీ అదే వేలు 6000 దగ్గర కూడా అక్కడే ఉంటుంది కదా, పైన ఎగ్జాస్ట్ వెనక్కి తంతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఇన్‌టేక్ ఒత్తిడికి రెట్టింపు దాటితే, కాలిన వాయువు సిలిండర్‌లోనే కొంత మిగిలిపోయి నాకింగ్‌కి దారి తీస్తుంది. కంప్రెసర్ వైపు కూడా ఏ బై ఆర్ రాస్తారు, దాన్ని పట్టించుకోకు, పెద్దగా తేడా రాదు. అక్కడ చూడాల్సింది చక్రం కొలతలు. గాలి లోపలికెళ్ళే వైపు వ్యాసం 48 మిల్లీమీటర్లు, బయటికొచ్చే వైపు 60 అయితే, రెండింటి వర్గాలు భాగించి వందతో గుణిస్తే 64, దాన్నే ట్రిమ్ అంటారు. చక్రం బయటి వ్యాసం ఒకటే అయితేనే రెండు ట్రిమ్‌లని పోల్చాలి, లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

ట్విన్ స్క్రోల్, అంటే ఎగ్జాస్ట్‌కి రెండు వేరు దారులున్న హౌసింగ్ మంచిదే, 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు కాలే వరస) ఉన్న ఇంజన్‌లో 1, 4 ఒక దారిలోకి, 2, 3 ఇంకో దారిలోకి పంపితే ఒకదాని పల్స్ ఇంకోదాన్ని చెడగొట్టదు. కానీ మానిఫోల్డ్ కూడా అలాగే విడదీసి ఉండాలి, మామూలు మానిఫోల్డ్ మీద ట్విన్ స్క్రోల్ హౌసింగ్ బిగిస్తే డబ్బు దండగ. వేరియబుల్ జామెట్రీ, అంటే కదిలే వేన్లతో (రెక్కలతో) ఎగ్జాస్ట్ దారిని మార్చేది, డీజిల్‌లో ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, పెట్రోల్ ఎగ్జాస్ట్ వేడి అంతకంటే బాగా ఎక్కువ కాబట్టి ఆ వేన్లు తట్టుకోవడం కష్టం, నీ ప్రాజెక్ట్‌కి వద్దు.

వేస్ట్‌గేట్ గురించి ఒక్కటి గుర్తుంచుకో, దాని స్ప్రింగ్ ఎంతో అదే నీ కనిష్ఠ బూస్ట్. బూస్ట్ కంట్రోలర్ దాన్ని పెంచగలదు, తగ్గించలేదు. 0.5 బార్ స్ప్రింగ్‌తో మొదలుపెట్టు. వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదైతే, అది పూర్తిగా తెరుచుకున్నా ఆర్‌పీఎంతో పాటు బూస్ట్ పాకుతూ పోతుంది, చాలా ఫ్రీగా ఉన్న ఎగ్జాస్ట్ పైపు వేశాక ఇది ఎక్కువగా బయటపడుతుంది. బ్లో ఆఫ్ వాల్వ్ (కాలు తీసినప్పుడు మిగిలిన బూస్ట్ గాలిని వదిలేది) చప్పుడు కోసం కొనేవాళ్ళు ఉన్నారు, కానివ్వు, కానీ నీ ఇంజన్‌కి ఎయిర్ ఫ్లో మీటర్ ఉంటే గాలిని బయటికి వదలకుండా మళ్ళీ ఇన్‌టేక్‌లోకి తిప్పే రకమే పెట్టు. మీటర్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతే పెట్రోల్ లెక్క తప్పుతుంది.

అసలు నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది ఆయిల్ గురించి. చిన్న కార్ల టర్బో షాఫ్ట్ నిమిషానికి 2,00,000 చుట్లు దాటి తిరుగుతుంది. జర్నల్ బేరింగ్ అయితే ఆ షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది, లోహానికి లోహం తగలకూడదు. బాల్ బేరింగ్ త్వరగా లేస్తుంది, ఖరీదు ఎక్కువ, దానికి ఆయిల్ తక్కువ చాలు, అందుకే తయారీదారు చెప్పిన సైజు రెస్ట్రిక్టర్ (ఆయిల్‌ని తగ్గించే సన్న రంధ్రం) ఫీడ్ లైన్‌లో పెట్టాలి. జర్నల్‌కి ఆ సన్నటి రెస్ట్రిక్టర్ పెట్టావో, ఆయిల్ చాలక బేరింగ్ ఎండిపోతుంది. ఈ రెండూ కలిపేసేవాళ్ళని చాలామందిని చూశాను.

ఫీడ్ కంటే డ్రెయిన్ ముఖ్యం. లోపలికి ప్రెషర్‌తో వచ్చిన ఆయిల్ బయటికి మాత్రం తన బరువుతోనే జారిపోవాలి, పైగా నురగతో ఉంటుంది. డ్రెయిన్ పైపు లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, నిలువుగీత నుంచి 35 డిగ్రీలకి మించి వంగకూడదు, సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఆయిల్ లెవెల్‌కి పైనే కలవాలి. షాఫ్ట్ చివర్ల ఉండే సీల్స్ రబ్బరువి అనుకుంటున్నావేమో, పిస్టన్ రింగుల్లాంటి సన్నటి లోహపు రింగులవి, ఆయిల్ మధ్యలో నిలిచిపోతే వాటిని దాటి వచ్చేస్తుంది. మొన్న ఒకాయన నీలం పొగ వస్తోందని కొత్త టర్బో మార్పించాడు, అదీ పొగే. కింద పడుకుని చూస్తే డ్రెయిన్ హోస్ ఇంజన్ మౌంట్ పక్కన వంగి, మడత దగ్గర నొక్కుకుపోయి ఉంది. హోస్ మార్చగానే పొగ పోయింది, విప్పి పక్కన పడేసిన పాత టర్బో నిక్షేపంలా ఉంది. బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) పూడుకుపోయి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా ఇదే వరస. ఇంకోటి, ఆయిల్ ఫ్లాంజ్‌లకి సిలికాన్ పేస్ట్ పూయనివ్వకు. బయటికి కనిపించే పూసలాంటిదే లోపలికీ ఉబ్బుతుంది, అది ఊడి దారికి అడ్డం పడితే కథ అక్కడితో సరి. గాస్కెట్ వేసి బిగించమను.

వాటర్ లైన్లు ఉంటే తప్పకుండా కలుపు. ఇంజన్ ఆపాక టర్బైన్ హౌసింగ్ వేడి మెల్లగా బేరింగ్ వైపు పాకుతుంది, అప్పుడు ఆయిల్ మాడి బొగ్గులా పేరుకోకుండా కాపాడేది ఆ నీళ్ళే. నీళ్ళు కింది వైపు నుంచి వచ్చి పై వైపు నుంచి పోయేలా పెడితే పంప్ ఆగిపోయినా వేడికి వాటంతటవే కదులుతాయి.

సెకండ్ హ్యాండ్ టర్బో చూస్తున్నావా? షాఫ్ట్ చివర పట్టుకుని అటూఇటూ కదుపు. జర్నల్ బేరింగ్‌లో పక్కలకి కొంచెం ఆట ఉంటుంది, అది మామూలే. ముందుకీ వెనక్కీ లాగినప్పుడు చేతికి తెలిసేంత కదలిక ఉంటే వద్దు. టార్చ్ వేసి చక్రం రెక్కల అంచులూ, హౌసింగ్ లోపలి గోడా చూడు, మెరిసే గీత కనిపిస్తే రెక్క గోడకి రాసుకుందన్నమాట, ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోకు.

కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో పిస్టన్ మిక్స్చర్‌ని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ అంకె, రాయలేదు నువ్వు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కి 10.25 కంప్రెషన్ మీద టర్బో పెట్టి, నాకింగ్ ఆపడానికి నీళ్ళూ మిథనాల్ కలిపిన ద్రవం ఇంజన్‌లోకి పంపేవాళ్ళు. ఆ ట్యాంక్ ఖాళీ అయితే బూస్ట్ తగ్గిపోయేది, నింపడం మర్చిపోయినవాళ్ళు కారు లాగడం లేదని మొత్తుకునేవాళ్ళు. ఇప్పుడు డైరెక్ట్ ఇంజెక్షన్‌తో (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొట్టే పద్ధతి) 10 పైన కూడా నడుస్తున్నాయి గానీ, నీది పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయట ఇన్‌టేక్ దారిలో కొట్టేది) అయితే 9 దగ్గర ఉంటే టెన్షన్ తక్కువ. ఇంజెక్టర్లు గంటకి 62.5 కేజీలు ఇవ్వగలవా, ఫ్యూయల్ పంప్ ఆ ఒత్తిడిలో అంత తోయగలదా, క్లచ్ ఆ టార్క్‌కి జారకుండా ఉంటుందా, ఈ మూడూ ట్యూనర్‌తో ముందే మాట్లాడు.

బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు, ఫీడ్ లైన్ కలిపేముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొంచెం కొత్త ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పు. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ఆయిల్ ప్రెషర్ లైట్ ఆరేదాకా కొద్దికొద్దిగా క్రాంక్ చెయ్యి, ఆ తర్వాతే ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చెయ్యి. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదిలెయ్, ఎవడేమన్నా రేస్ చెయ్యకు. ఆపి, చల్లారాక డ్రెయిన్ ఫ్లాంజ్ కింద వేలు పెట్టి చూడు, తడి తగిలితే రోడ్డెక్కకుండా నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య