వైబ్రేషన్ ప్లేటు ఎక్కించే ముందు

చిరంజీవి చిన్నికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రైడింగ్ స్కూలుకి వైబ్రేషన్ ప్లేటు, అంటే గుర్రాన్ని నిలబెడితే కాళ్ల కింద కంపించే మోటారు పలక, తెప్పించావనీ, ముందుగా ముసలి ఎర్రగుర్రాన్నే దాని మీద నిలబెడదామనుకుంటున్నావనీ రాశావు. నేను వద్దనడం లేదు. ఆ గుర్రం కుంటు ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా మాత్రం ఆగు.

మలక్‌పేట రేసు గుర్రాల లాయాల్లో ముప్పై ఏళ్లు గుర్రాల కాళ్లు తడిమినవాణ్ణి, అయినా ఈ ప్లేటు విషయంలో పొరపాటు చేశాను. ముందరి ఎడమ కాలు కొంచెం తేడాగా వేస్తున్న నాలుగేళ్ల గుర్రం అది. ఇరవై నిమిషాలు ప్లేటు మీద నిలబెట్టి, దింపగానే ట్రాట్ (చిన్న పరుగు) చేయించి చూశాను. కుంటు సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. మూడు రోజులు అలాగే చూసి, తేలికపాటి పనికి పంపమన్నాను. నాలుగో రోజు పొద్దున మోకాలి కింద వెనకవైపు చెయ్యి పెడితే కాలిపోతోంది, వాపు కూడా ఉంది. స్కాన్‌లో కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు పోగులు తెగి కనిపించాయి. దెబ్బ తగిలిన చోట మనం గబగబా రుద్దుకుంటే కాసేపు నొప్పి తెలియదు కదా, కంపనమూ అదే పని చేస్తుంది. ఆ మొద్దుబారిన కాలినే నేను మానిన కాలు అనుకున్నాను. ఆ గుర్రం మళ్లీ పరుగెత్తలేదు. అందుకే కుంటు చూడాలంటే ప్లేటు ఎక్కించక ముందే చూడు. పొద్దున్నే లాయం నుంచి బయటికి తీసిన వెంటనే, గట్టి నేల మీద చూడు.

ఈ యంత్రంతో అసలు ప్రయోజనం ఉందా అని అడిగావు. ఉంది గానీ అమ్మేవాళ్లు చెప్పినంత లేదు. కండరం సాగితే పసిగట్టే సన్నని భాగాలు అందులోనే ఉంటాయి. ప్లేటు కదిలిన ప్రతిసారీ కండరం తనంతట తనే కొద్దిగా బిగుస్తుంది. 2017లో తొమ్మిది గుర్రాలను రెండు నెలలపాటు, వారానికి ఐదు రోజులు, రోజూ రెండు పూటలా అరగంట చొప్పున నిలబెట్టి చూశారు. వెన్నెముకను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండరం పెరిగింది, రెండు పక్కలా సమానంగా కూడా వచ్చింది. దాదాపు అదే పద్ధతిలో, ఎప్పటినుంచో కుంటుతున్న ఎనిమిది గుర్రాలకు ఇస్తే మాత్రం కుంటు తగ్గలేదు. గొర్రెల ఎముకల లెక్క కూడా అమ్మేవాళ్లు నీకు చెప్పే ఉంటారు. 2001 నాటి ఆ ప్రయోగంలో ఏడాది పొడవునా రోజుకు 20 నిమిషాలు చాలా తేలికపాటి కంపనం ఇస్తే, తొడ ఎముక లోపలి స్పాంజి లాంటి భాగం 34 శాతం చిక్కబడింది. అది గొర్రె, కంపనం కూడా చాలా సున్నితం. అదే ఫలితం ఐదు వందల కిలోల గుర్రానికీ వస్తుందనుకోకు. నా అనుభవంలో నడుము పట్టేసిన గుర్రానికీ, ఏదో కారణంతో లాయానికే పరిమితమైన గుర్రానికీ కొంత మేలు కనిపించింది. కాలి కుంటుకి దీన్ని నమ్ముకోవద్దు.

ఇక పెట్టే పద్ధతి. ముందు కరెంటు సంగతి చూసుకో. ఇనుప లాడం, తడి నేల, కింద మోటారు. మనకు చురుక్కుమనే కరెంటే గుర్రానికి ప్రాణం మీదికి రావచ్చు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించు, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే బ్రేకర్ పెట్టించు, స్నానం చేయించిన వెంటనే ఎక్కించకు. పైన జారని రబ్బరు చాప ఉండాలి.

మొదటి రెండు రోజులు స్విచ్ వెయ్యకుండా దాని మీద గుప్పెడు ఉలవలు తినిపించి దింపెయ్. మూడో రోజు అన్నిటికన్నా తక్కువ వేగంలో ఐదు నిమిషాలు చాలు. తర్వాత వారం పదిరోజుల్లో పదిహేను నిమిషాలకు తీసుకురా. వేగం పెంచేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. 20 హెర్ట్జ్ (సెకనుకు 20 సార్లు కదలడం) నుంచి 40కి తిప్పితే, ప్లేటు కదిలే ఎత్తు మారకపోయినా, గిట్టకు తగిలే తాకిడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. పగ్గం చేత్తోనే పట్టుకోవాలి, రెండు పక్కలా బిగించి కట్టకూడదు. దిగిపోవాలనుకుంటే దిగిపోనీ.

గుర్రం కదలకుండా నిలబడింది కదా, దానికి నచ్చిందని రాసుకోకు. భయంతో బిగుసుకుపోయిన గుర్రం కూడా కదలదు. తల మూపు మట్టానికి దించి, కింది పెదవి వదులు చేసి, కళ్లు సగం మూస్తే హాయిగా ఉన్నట్టు. దవడ బిగించినా, తోక విదిల్చినా, కాళ్లు మార్చి మార్చి పెట్టినా వెంటనే ఆపెయ్. నీకు అనుమానంగా ఉంటే గుర్రాన్ని చూసుకునే సాయిస్‌ని అడుగు. రోజూ మాలీసు చేసే చేతికి ఆ ఒంటి బిగువు మనకన్నా ముందే తెలుస్తుంది.

జ్వరం ఉన్నా, గిట్టలు వేడెక్కినా, కుట్లు పచ్చిగా ఉన్నా, ఎముక చిట్లిందన్న అనుమానం ఉన్నా ప్లేటు దగ్గరికి తీసుకెళ్లకు. చూలు గుర్రాన్ని కూడా. లారీలో రాత్రంతా ప్రయాణం చేసి దిగిన గుర్రాన్ని ఆ రోజుకి వదిలెయ్. అప్పటికే గంటల తరబడి కుదుపుల్లో నిలబడి దాని కాళ్లు అలసిపోయి ఉంటాయి.

మీ ముసలి కుక్కకి తుంటి నొప్పి అన్నావు. గుర్రం ప్లేటు మీద దాన్ని నిలబెట్టకు. డాక్టరు ఒప్పుకుంటే చిన్న ప్లేటు మీద, బాగా తక్కువ వేగంలో మూడు నిమిషాలతో మొదలుపెట్టు. బండలాగుడు పోటీకి ముందు తన ఒంగోలు గిత్తలకు పెట్టొచ్చా అని మీ నాన్న స్నేహితుడు అడిగారట, వద్దని చెప్పు. నొప్పి తెలియకుండా చేసి బండ లాగించడం ఆ గిత్తలకు చేసే ద్రోహం.

ప్లేటు వచ్చిందని నడక మానిపించకు. రోజూ చేత్తో పట్టి అరగంట నడిపించడం మామూలుగానే సాగాలి.

ఆదివారం లోపల ఎర్రగుర్రాన్ని గట్టి నేల మీద ముందుకీ వెనక్కీ నడిపించి, ట్రాట్ చేయించి, వీడియో తీసి పంపు. ఆ రోజు ప్లేటు ఎక్కించొద్దు. నొప్పి మందులేమైనా ఇస్తుంటే అవీ రాయి.

ఆశీస్సులతో,
మామయ్య