మైనింగ్ సీటొచ్చింది సరే, గ్యాస్ సంగతేంటి?

రాజాం నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయికి ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో రూర్కెలా ఎన్‌ఐటీ మైనింగ్ సీటొచ్చిందట. బావగారేమో బొగ్గు గనుల్లో గ్యాస్ పేలుతుంది, ఆడపిల్లని అక్కడికి పంపుతావా అంటున్నారు, ఆఫీసులో ఒకాయన పర్యావరణం గొడవతో గనులన్నీ మూసేస్తారు, ఆ డిగ్రీ ఎందుకంటున్నారు. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

బావగారి భయం ఉత్తదేం కాదండీ. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులు చూసినవాళ్లకి బొగ్గు గని లోపల ఎలా ఉంటుందో ఊహకి రాదు. మీథేన్ బొగ్గు పొరలోనే ఇమిడి ఉంటుంది, తవ్వేకొద్దీ బయటికొస్తుంది, రంగూ వాసనా ఉండవు, గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు కింద పోగవుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పేలుడు ఊపుకి లేచిన బొగ్గు ధూళి కూడా అంటుకుందంటే ఇక గని గనంతా పోతుంది. ఇప్పటి జార్ఖండ్‌లో 1965లో ధోరీ గనిలో 268 మంది, 2006లో ధన్‌బాద్ దగ్గర భాట్‌డీ గనిలో 50 మంది చనిపోయారు.

కానీ గ్యాస్‌ని ఆ 5 శాతం దాకా రానివ్వకపోవడమే ఒక ఉద్యోగం. 1.25 శాతం దగ్గరే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి పంపెయ్యాలని మన నిబంధన. ఏ దారిన ఎంత గాలి పంపాలి, తిరిగొచ్చే గాలిలో గ్యాస్ ఎంతుంది, బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీని ఎలా సీల్ చెయ్యాలి, ఇవన్నీ మైనింగ్ ఇంజనీర్ చూసుకోవాల్సినవే. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకి వెంటిలేషన్ బాగా నచ్చే సబ్జెక్టు.

ఇక ఆఫీసాయన మాట. గని మూసేస్తే ఇక పనేమీ ఉండదనుకుంటున్నారు, కానీ మూసేసినా గ్యాస్ ఆగదు. నీళ్లు తోడే పంపులు ఆపాక నీళ్లు నిండిన మేరకు తగ్గుతుంది, నిండని చోట షాఫ్టుల్లోంచి, అంటే గనిలోకి దిగే పాత బావుల్లోంచి, నేల పగుళ్లలోంచి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. బయట గాలి పీడనం పడిపోయినప్పుడు ఇంకా ఎక్కువ. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు బారోమీటర్ ఎలా పడిపోయిందో, అలాంటి రోజుల్లో సీల్ వెనకున్న గ్యాస్ బయటికి తోసుకొస్తుంది. పైగా పాత గనుల్లో ఆక్సిజన్ లేని గాలి నిలబడి ఉంటుంది, పేలుడు లేకుండానే మనిషి కూలిపోతాడు. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే ఇప్పుడు శాటిలైట్ల నుంచి కూడా గనుల గ్యాస్‌ని కొలుస్తున్నారు. ధన్‌బాద్ దగ్గర మూనిడీ గనిలో గ్యాస్‌ని ముందే లాగి కరెంటు తీసి చూపించారు. గని ఫ్యాన్ బయటికి ఊదే గాలిలో ఒక శాతం కూడా లేని మీథేన్‌ని ఏం చెయ్యాలన్నదే పెద్ద తలనొప్పి, అంత పల్చటి గ్యాస్ తనంతట తాను మండదు. గనులు మూసేసినా ఈ పని మిగిలే ఉంటుంది.

అలాగని మీథేన్ ఇంజనీర్లు కావాలని నోటిఫికేషన్లు వచ్చిపడతాయని ఆశ పెట్టుకోకండి. మన దేశపు బొగ్గులో తొంభై శాతానికి పైగా ఓపెన్ కాస్ట్‌దే, అంటే పైనుంచి తవ్వే గనులదే, మొదటి ఉద్యోగం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. గ్యాస్ వైపు వెళ్లాలంటే వేసవి ట్రైనింగ్ భూగర్భ గనిలోనే అడిగి చేయాలి, గనుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే గ్యాస్ టెస్టింగ్, మేనేజర్ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి, ఎంటెక్ ఎంట్రన్స్ గేట్ రాయాలి. జింక్ లాంటి లోహాల భూగర్భ గనులకీ వెంటిలేషన్ తెలిసినవాళ్లు కావాలి.

ఆడపిల్ల అన్న ప్రశ్నకి ప్రభుత్వం 2019లోనే జవాబిచ్చింది. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో మహిళలు వాళ్ల అంగీకారంతో పగటిపూట భూగర్భంలో పనిచేయొచ్చని అప్పుడే చెప్పింది. 2021లో కోల్ ఇండియాలో తొలిసారి ఒక అమ్మాయి మైనింగ్ ఇంజనీర్‌గా జార్ఖండ్‌లోని చూరి భూగర్భ గనిలో చేరింది. సదుపాయాలు అన్ని చోట్లా ఒకేలా ఉంటాయని మాత్రం చెప్పను.

ఇంతకీ అమ్మాయి ఏమంటోందో మీరు రాయలేదు! ఇరుకు చోటు, చీకటి అంటే తనకి టెన్షనా? ముందు అది అడగండి. మైనింగే కావాలంటే జోసాలో ఫ్రీజ్ చేసెయ్యండి, అంటే ఈ సీటే ఖాయం. ఆ ఎన్‌ఐటీ కావాలి గానీ మైనింగ్ వద్దంటే, ఆప్షన్లలో దీనికంటే పైన పెట్టిన అక్కడి బ్రాంచి కోసం స్లైడ్ పెట్టి చూడండి. రెండూ వద్దంటే ఫ్లోట్, అప్పుడు పైన పెట్టిన వేరే కాలేజీలకీ చూస్తారు. ఏది పెట్టినా గడువులోపు ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.