బండి బాగోగులు: రొయ్యల పికప్‌కు ఏ సైలెన్సర్ వేయించాలి?

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. నాది 2018 మోడల్ బొలెరో పికప్, బీఎస్ 4 డీజిల్. ఆకివీడు చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యల ట్రేలు, ఐసు వేసుకుని భీమవరం తోలుతుంటాను. సైలెన్సర్ డబ్బా తుప్పు పట్టి చిల్లులు పడింది. రెండుసార్లు మాట్లు వేయించినా నిలవలేదు. తెల్లవారుజామున 3 గంటలకు బండి తీస్తే వీధి వీధంతా లేస్తోంది. కంపెనీదే వేయించమని ఒకరు, సగం ధరకు వచ్చే బయటి సైలెన్సర్ చాలని ఇంకొకరు, డబ్బా తీసేసి తిన్నగా గొట్టం వేస్తే మైలేజీ పెరుగుతుందని మరొకరు అంటున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయిస్తే తుప్పు బాధ తీరుతుందా? పాత డబ్బా అడుగున మొదటి నుంచీ ఉన్న సన్నని రంధ్రాన్ని కూడా వెల్డింగుతో మూయించాను. అది మంచిదేనా?
– ఒక పికప్ యజమాని, ఆకివీడు

జవాబు: సైలెన్సర్ సంగతి తర్వాత చూద్దాం. రేపు ఉదయమే బండిని ర్యాంపు ఎక్కించి బ్రేకు పైపులు చూపించండి.

మీ ఉత్తరంలో రొయ్యలు, ఐసు అన్న రెండు మాటలు చదవగానే నాకు ఒక చేపల బండి గుర్తొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో నేను వెల్డింగు చేసే రోజుల్లో సైలెన్సర్ మార్చమని వచ్చింది. కిందకు దూరి టార్చి వేస్తే, వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు పైపు మీద పప్పు గింజలంత తుప్పు పొక్కులు కనిపించాయి. గోటితో గీకితే రేకులు రేకులుగా ఊడింది, దాని కింద ఆయిలు చెమ్మ తగిలింది. ఆ డ్రైవరు ఇంకో నాలుగు రోజులు అలాగే తోలి ఉంటే ఏమయ్యేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఐసు కరిగిన నీరు సరుకుతో పాటు వచ్చిన ఉప్పును కడుక్కుంటూ బాడీ సందుల్లోంచి కారుతుంది. సైలెన్సర్ వేడి మీద ఉంటుంది కాబట్టి నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం పొరగా మిగులుతుంది. మర్నాడు మళ్లీ తడి, మళ్లీ వేడి. మీ డబ్బాను తిన్నది ఆ ఉప్పే. బ్రేకు పైపులను, ఛాసిస్‌ను, స్ప్రింగు పట్టీలను కూడా అది వదలదు.

అందువల్ల మొదటి ఖర్చు డబ్బా మీద పెట్టకండి. ట్రేల కింద బాడీ వెడల్పునా రేకు పళ్లెం ఒకటి చేయించి, నీరంతా ఒక మూలకు చేరేలా వాలు పెట్టించండి. అక్కడి నుంచి ఒక రబ్బరు గొట్టంతో వెనక చక్రాలు దాటాక దింపి, కింద నీటి కోసం వేరే డబ్బా కట్టి అందులో పట్టండి. రోడ్డు మీద కారనిస్తే వెనక వచ్చే మోటారు సైకిళ్లు జారతాయి. సరుకు దించాక బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడగడం రోజూ చేయాల్సిన పని. సైలెన్సర్ చల్లారాకే కడగండి. ఈ ఏర్పాటు లేకుండా ఎంత ఖరీదైనది వేయించినా ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది.

ఇక ఆ సన్నని రంధ్రం. దాన్ని మూయించడం పొరపాటు. లీటరు డీజిల్ కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం తోలితే డబ్బా బాగా వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. చెరువు దగ్గర ఆపి, మళ్లీ తీసి, మళ్లీ ఆపే మీ పనిలో డబ్బా పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై, పొగలోని ఆమ్లంతో కలిసి అడుగున నిలుస్తుంది. ఆ నీరు కారడానికే అడుగున రంధ్రం పెడతారు. మూస్తే తుప్పు లోపలి నుంచి కూడా మొదలవుతుంది. కొత్తదానికి ఆ రంధ్రం ఉంటే కిందివైపుకే వచ్చేలా బిగించమని చెప్పండి.

తిన్నని గొట్టం మాట మరిచిపోండి. మీది టర్బో ఇంజిను. సరైన కొలత గల సైలెన్సర్ దానికి పెట్టే అడ్డు చాలా తక్కువ, అది తీసేస్తే మైలేజీలో మీ చేతికి తెలిసేంత తేడా రాదు. మోత మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు కూడా పడవచ్చు. సైలెన్సర్‌కు ముందుండే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి ఎవరినీ పోనివ్వకండి. లోపలిది తీసేసి ఖాళీ డబ్బా తిరిగి బిగించే వాళ్లున్నారు, పక్కనే నిలబడండి.

కంపెనీదా, బయటిదా? డబ్బు సర్దుబాటయితే కంపెనీదే తీసుకోండి. రేకు గొప్పదనం కోసం కాదు, బెండులూ బ్రాకెట్లూ ఉన్న చోటే సరిగ్గా కూర్చుంటాయి కాబట్టి. బయటిది తీసుకుంటే పాత డబ్బా వెంట పట్టుకెళ్లండి. రెండూ రెండు చేతుల్లో ఎత్తి చూడండి, కొత్తది తేలిగ్గా అనిపిస్తే రేకు పలచన అన్నట్టే. ఊపితే లోపల ఏదీ కదలకూడదు. గొట్టం వ్యాసాన్ని తుప్పు లేని చోట వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిపించండి. పాతదాని కంటే సన్నగా ఉంటే పొగ బిగబట్టి బండి లాగదు. లావుగా ఉంటే జాయింటు దగ్గర అతుకులు వేయాలి, ఆ అతుకులే ముందుగా పోతాయి.

స్టీలు విషయంలో అయస్కాంతాన్ని నమ్మకండి. సైలెన్సర్లకు వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అతుక్కుంటుంది. చవక రకం 200 శ్రేణి స్టీలుకు సాధారణంగా అతుక్కోదు, మంచిదైన 304 రకానికీ అంతే. అతుక్కోలేదు కాబట్టి మంచిదని చెప్పి చవక రకం ఇచ్చేస్తారు. ఉప్పు తగిలే బండికి 304 మేలు, 409 పైన గోధుమరంగు తుప్పు పడుతుంది. ఏ రకమో బిల్లు మీద రాసి ఇమ్మనండి. రాయనన్న చోట కొనకండి. అల్యూమినియం పూత వేసిన రేకు కూడా బాగానే మన్నుతుంది, కానీ వెల్డింగు చేసిన చోట పూత కాలిపోతుంది. అక్కడ వేడికి ఆగే వెండి రంగు పెయింటు రెండు పూతలు వేయించండి.

బిగించేటప్పుడు జాయింటు మధ్య పెట్టే ప్యాకింగ్, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు కొత్తవే తప్పనిసరి. పాత రబ్బర్లు సాగిపోయి ఉంటాయి, బరువంతా ముందు జాయింటు మీద పడి అక్కడ పగులుతుంది. బండి మీదే వెల్డింగు చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయించండి, లేకపోతే ఇంజిను కంప్యూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ క్యాబిన్ కింద ఉండే ముందు జాయింటు మీద పెట్టండి. రాత్రి ప్రయాణాల్లో తలనొప్పి అంటూ మాత్రలు మింగిన ఒక డ్రైవరు బండిలో నాకు దొరికింది వెంట్రుక వాసంత పగులు, దాని చుట్టూ నల్లటి మసి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. సరుకు కోసం ఎదురు చూస్తూ ఇంజిను ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసుకుని క్యాబిన్‌లో నిద్రపోయే అలవాటు మీకుంటే ఈ రోజే మానేయండి. కొత్తది బిగించాక, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ఆ జాయింటు చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేస్తే మళ్లీ విప్పించండి. వంద కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ ఇంకోసారి బిగించమనండి, వేడికి ప్యాకింగ్ కొంచెం అణుగుతుంది.

బ్రేకు పైపులు చూపించాక ఎలా ఉన్నాయో నాకు రాయండి.